కట్టు విప్పిన ఐదో రోజు

మా నాన్నగారి పాదం మీద షుగరు పుండు ఎంతకీ మానకపోవడంతో, తొడ నుంచి పల్చని చర్మపు పొర తీసి అక్కడ వేశారు. ఐదో రోజు కట్టు విప్పిన డాక్టరుగారు ముందు దాని రంగు చూశారు, తరువాత వేలితో మెల్లగా నొక్కి వదిలారు. నొక్కినచోట తెల్లబడి, మరుక్షణం మళ్లీ ఎరుపెక్కింది, అంటే అందులో రక్తం పారుతోందన్నమాట. "పట్టుకుందండీ" అన్నారు. అప్పటి నుంచి ప్రయోగశాలలో పెంచే చర్మం గురించి ఏది చదివినా, అందులో రక్తనాళాల మాట ఉందా అనే మొదట వెతుకుతున్నాను.

అతికించిన చర్మం తొలి ఒకటి రెండు రోజులు కింది పుండులో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తరువాత దానిలోని సన్నని నాళాల కొసలు పుండులోని నాళాల కొసలతో కలుసుకుంటాయి. ప్రయోగశాలలో పెంచిన పొరలో కలుసుకోవడానికి నాళాలే ఉండవు. 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు మనిషి చర్మకణాలను పల్చని పొరలుగా పెంచే పద్ధతి కనిపెట్టారు, తీవ్రంగా కాలినవారిని అది కాపాడింది కూడా. కానీ ఆ పద్ధతిలో వచ్చేది పైపొర మాత్రమే. దళసరిగా పెంచుదామంటే, రక్తనాళానికి మిల్లీమీటరులో ఐదో వంతుకు మించిన దూరంలో ఉన్న కణాలకు ప్రాణవాయువు సరిగా అందదు.

అందుకే 2019లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలియర్ పాలిటెక్నిక్ అనే విద్యాసంస్థలో పంకజ్ కరండే బృందం, యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పని నన్ను కట్టిపడేసింది. చర్మకణాలతో పాటు, బొడ్డుతాడు రక్తం నుంచి నాళాల లోపలి గోడ కణాలనూ, మాయ (ప్లాసెంటా) నుంచి ఆ నాళాలను బయటి నుంచి చుట్టుకునే పెరిసైట్లనూ తీసుకుని, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌లో కలిపి త్రీడీ ప్రింటరుతో పొరలు పొరలుగా ముద్రించారు. నాళాల ఆకారాన్ని ఎవరూ గీయలేదు. ఆ కణాలే ఒకదాన్నొకటి వెతుక్కుని అల్లికగా ఏర్పడ్డాయి. రోగనిరోధక శక్తి లేని ఎలుకల వీపున అతికిస్తే, నాలుగు వారాల్లోపు ఎలుక రక్తం మనిషి కణాలతో ఏర్పడిన ఆ నాళాల్లో పారింది. పెరిసైట్లు ఉన్నచోట ఎలుక నాళాలు మరింత జోరుగా లోపలికి చొచ్చుకువచ్చాయి.

నాన్నగారి సొంత చర్మానికి ఐదు రోజులు సరిపోయాయి. ఒళ్లంతా కాలి, తీయడానికి తొడ మీద కూడా చర్మం మిగలని మనిషి నాలుగు వారాలు ఆగలేడు. పైగా పరాయి కణాలతో కట్టిన నాళాలను మామూలు శరీరం ఊరుకోదు, రక్తానికి నేరుగా తగిలే గోడ కనుక దాడి మొదట దాని మీదే జరుగుతుంది. ఆ కణాల జన్యువులను సవరించి శరీరానికి పరాయివిగా కనిపించకుండా చేయాలన్నది 2019లో ఆ బృందం ముందున్న తరువాతి పని.