తిరగేసి పాడిన పద్యం

2000–04 బ్యాచ్ వాళ్ళకి హాస్టల్ టీవీ హాల్ గుర్తుండే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక క్రికెట్ లేని రోజున రిమోట్ మా గ్యాంగ్ చేతికి వచ్చేది. ఎంటీవీ, ఛానల్ వీ అనే పాటల ఛానళ్ళు మార్చి మార్చి పెట్టేవాళ్ళం. పాటలు విన్నదానికంటే వాటిని ఎలా తీసి ఉంటారా అని వాదించుకున్నదే ఎక్కువ.

ఆ వాదనలన్నిటికీ పెద్ద మా రూమ్మేట్. తణుకు వాడు, అందరినీ "బావా" అనేవాడు. ఫ్లూయిడ్ మెకానిక్స్ నోట్‌బుక్ వెనక పేజీల్లో పాటకో పేజీ పెట్టుకున్నాడు. ఆదివారం ఊళ్ళోకెళ్ళి నెట్ సెంటర్లో కూర్చుని, దొరికిన వివరాలు అందులో ఎక్కించేవాడు. ఖాళీ హోటల్ లాబీలో సూట్ వేసుకుని ఒక్కడే డాన్స్ చేసే ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పాట ఉంది కదా, అందులో ఉన్నాయన హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ వాకెన్ అని మాకు చెప్పింది వాడే. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. చిన్నప్పుడే డాన్స్ నేర్చుకున్న మనిషి. ఆ లాబీ లాస్ ఏంజెలెస్‌లోని మారియట్ హోటల్‌ది. తీసింది స్పైక్ జోన్జ్. 2001లో ఎంటీవీ ఆ ఒక్క వీడియోకే ఆరు అవార్డులిచ్చింది. వైట్ స్ట్రైప్స్ అనే బ్యాండ్ వాళ్ళ లెగో బొమ్మల పాట రెండు నిమిషాలైనా ఉండదు. దాని కోసం దర్శకుడు మిషెల్ గోండ్రీ బృందం లెగో ముక్కలతో ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ పేర్చి తీశారని చదివాక, ఆ రాత్రి మాలో ఎవరం తొందరగా నిద్రపోలేదు.

మన దేశంలో తీసినవాటిలో వాడికి బాగా ఇష్టమైనది శుభా ముద్గల్ పాడిన 'మన్ కే మంజీరే'. అందులో నటి మీతా వశిష్ఠ్ ట్రక్కు నడుపుతుంది. భర్త పెట్టే హింస భరించలేక బయటికొచ్చి, డ్రైవర్‌గా బతికిన ఒక మహిళ జీవితం దానికి ఆధారం. ఆ పాట వస్తే వాడు మాట్లాడేవాడు కాదు.

కానీ మా అందరినీ పట్టి కుదిపింది కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండ్ బ్యాండ్ వాళ్ళ 'ది సైంటిస్ట్'. ఆ బ్యాండ్ గాయకుడు క్రిస్ మార్టిన్ వీధిలో పరుపు మీద పడుకుని పాట మొదలుపెడతాడు. లేచి వెనక్కి నడుస్తాడు, గోడ మీదికి వెనక్కి ఎగురుతాడు, చివరికి కారు ప్రమాదం దగ్గర ఆగుతుంది. అంతా తిరగేసి చూపిస్తున్నారని మొదటిసారే తెలుస్తుంది. మరి అతని పెదాలు మాత్రం పాటతో సరిగ్గా ఎలా కలిశాయి? కంప్యూటర్ మాయ అని నేను, డూప్ అని ఇంకొకడు. రెండు వారాల తర్వాత తణుకు వాడు జవాబు తెచ్చాడు. "బావా, వాడు పాటంతా వెనక నుంచి ముందుకి బట్టీ పట్టాడ్రా. నెల రోజులు పట్టిందంట!" దర్శకుడు జేమీ థ్రేవ్స్. 2003లో దానికి ఎంటీవీ మూడు అవార్డులు వచ్చాయి. అదే బ్యాండ్ 'యెల్లో' పాటలో ఇంగ్లండ్ సముద్రపు ఒడ్డున క్రిస్ ఒక్కడే నడుస్తాడు. ఆ రోజు డ్రమ్మర్ తల్లి అంత్యక్రియలు, అందుకే మిగతావాళ్ళు లేరు. అది స్లో మోషన్ కాబట్టి అక్కడ రెట్టింపు వేగంతో పాడాల్సి వచ్చింది.

ఆ నెల రోజుల మాట మా వాడి బుర్రలో పడిపోయింది. కంప్యూటర్ ల్యాబ్‌లో విండోస్ 98 ఉండేది. దాని సౌండ్ రికార్డర్‌లో 'రివర్స్' అని ఒక ఆప్షన్ ఉంది. రికార్డింగ్‌కి 60 సెకన్లే గడువు. ల్యాబ్ సార్‌ని బతిమాలి మైక్ తీసుకున్నాం. 'కమల' అని చెప్పి తిరగేస్తే 'లమక' వస్తుందనుకున్నాం. వచ్చింది 'అలమక్'. మనం కాగితం మీద అక్షరాలు తిరగేస్తాం, యంత్రం శబ్దాలు తిరగేస్తుంది. హల్లు వెనకున్న అచ్చు ముందుకొచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఎటు చదివినా ఒకటే అని చెప్పుకున్న 'వికటకవి' కూడా 'ఇవకటకివ్' అయిపోయింది. ఆ మధ్యాహ్నం గుర్తుకొచ్చిన మాటలన్నీ మైకులో చెప్పి చూశాం. 'అమ్మ' తిరగేస్తే అమ్మే వచ్చింది. తర్వాత అక్క, అత్త, అవ్వ, అయ్య. 'అక్క', 'అత్త' దగ్గర శబ్దం కాస్త గరుకుగా వచ్చింది గానీ మాట మాత్రం మారలేదు. ల్యాబ్ సార్ కూడా కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చున్నారు.

ఫైనలియర్ ఫెస్ట్ కోసం వాడు వేమన పద్యం ఎంచుకున్నాడు. చివరి నుంచి మొదలు కాబట్టి మకుటంతోనే ఎత్తుకోవాలి. 'అమేవ్ అరునివ్ అమారిహ్బాదవ్‌శివ్'. 'భ' దగ్గర చాలా కష్టపడ్డాడు. మామూలుగా పలికితే ఊపిరి చివర వస్తుంది, తిరగేస్తే ముందు రావాలి కదా. బాత్రూమ్‌లో, మెస్ లైన్‌లో, బస్సులో అదే గొణుగుడు. ఇరవై రోజులకి నాలుగు పాదాలూ పట్టేశాడు. సీనియర్ అన్న దగ్గర హ్యాండీక్యామ్ తెచ్చి, వాటర్ ట్యాంక్ నుంచి లైబ్రరీ మెట్ల దాకా వాణ్ణి వెనక్కి నడిపిస్తూ తీశాం. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోకి క్యాసెట్ తీసుకెళితే, అక్కడి అన్న ఏమీ ఆశ్చర్యపోలేదు. తలంబ్రాలు మళ్ళీ దోసిట్లోకి వెళ్ళే షాట్ ఆయన చాలా పెళ్ళిళ్ళకి చేశాడట. అరగంటలో తిరగేసి ఇచ్చాడు.

ఫెస్ట్ రోజు తెర మీద మా వాడు మెట్లు దిగి ముందుకి నడిచొస్తున్నాడు. వెనకాల జనం వెనక్కి నడుస్తున్నారు, కింద రాలిన వేపాకులు పైకి లేస్తున్నాయి. వాడి నోట పద్యం తేటగా, కొంచెం వింత యాసతో వినిపిస్తోంది. హాలంతా నిశ్శబ్దం. మకుటం వచ్చేసరికి వెనక బెంచీల నుంచి అందరూ గొంతు కలిపారు. ఇంగ్లండ్‌లో ఎవరో నెల రోజులు పడ్డ కష్టం మా హాస్టల్ దాకా వచ్చి ఇలా మారిందని ఇప్పటికీ నాకు గర్వం.

నోట్‌బుక్ వాడి దగ్గర భద్రంగా ఉంది, పోయినేడు వెళ్ళినప్పుడు చూశాను. క్యాసెట్టే లేదు. ఫెస్ట్ అయ్యాక ఎవరో జూనియర్ చూసి ఇస్తానని తీసుకెళ్ళాడు. లేబుల్ మీద నీలం స్కెచ్ పెన్‌తో 'తిరగేసింది' అని రాసి ఉంటుంది. మీలో ఎవరి ఇంటి అటక మీదైనా ఉంటే ఈసారి కలిసేటప్పుడు తీసుకురండి. ప్లే చేసే హ్యాండీక్యామ్ నేను సంపాదించి పెట్టాను.