లీడ్ గిటార్: వేగం ఆగిపోయే చోటు, శ్రుతి తప్పే చోటు

మెట్రోనోమ్‌ని (లయకి టిక్‌టిక్‌మనే పరికరం) నిమిషానికి 80 బీట్ల దగ్గర పెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే ఒకనాటికి 160కి చేరతారని అందరూ చెప్పే సలహా. చాలామంది 110, 120 దగ్గరే ఆగిపోతారు. వేళ్లలో బలం చాలక కాదు. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి ఎలా కదిలినా చెల్లిపోతుంది. పిక్ (తీగని మీటే చిన్న పలక) స్ట్రింగ్‌ని దాటి అర సెంటీమీటరు పోయినా, చిటికెన వేలు గాల్లోకి లేచినా వినేవాళ్లకి తెలియదు. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీటుకి నాలుగు నోట్లంటే సెకనుకి 8 నోట్లు. అంత పెద్ద కదలికకి అక్కడ చోటు లేదు. అంటే ఇన్నాళ్లూ నెమ్మదిగా సాధన చేసి, వేగానికి పనికిరాని కదలికనే చేతికి అలవాటు చేశామన్నమాట.

కర్ణాటక సంగీతంలో అలంకారాలు మూడు కాలాల్లో పాడిస్తారు. తాళం మారదు. దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. గిటార్ మీద కూడా ఇదే చేయండి. జి స్ట్రింగ్ (సన్నవైపు నుంచి మూడోది) మీద 5-7-9-7 ఫ్రెట్లు (వీణ మెట్ల లాంటివి), మెట్రోనోమ్ 70. మొదటి కాలంలో చెయ్యి ఎలా ఉందో మూడో కాలంలో కూడా అలాగే ఉందా? మణికట్టు బిగిసి మోచేయి కదలడం మొదలైతే, అవి రెండు వేర్వేరు కదలికలు. వేగంలో వదులుగా ఉండే కదలికని ముందు పట్టుకుని, దాన్నే మొదటి కాలానికి తెచ్చుకోవాలి. అందుకు చిన్న చిన్న దూకుళ్లు బాగా పనిచేస్తాయి. మెట్రోనోమ్ 130కి పెంచి, ఒక బీటులో నాలుగు నోట్లు వాయించి, తర్వాతి బీటు మీద ఐదో నోటు దగ్గర ఆగిపోండి. మొదట్లో గజిబిజిగా వచ్చినా ఫర్వాలేదు, చెయ్యి బిగుసుకుంటే మాత్రం ఆపేయండి. నొప్పి వస్తే ఆ పూటకి గిటార్ పక్కన పెట్టేయడమే.

అసలు చిక్కంతా స్ట్రింగ్ మారే చోట. ఒకే స్ట్రింగ్ మీద దౌడు తీసేవాళ్లు కూడా పక్క స్ట్రింగ్‌కి వెళ్లేసరికి తడబడతారు, పిక్ రెండు స్ట్రింగుల మధ్య ఇరుక్కుంటుంది గనుక. పిక్‌ని కాస్త వాల్చి పట్టుకోండి, బొటనవేలు పట్టిన కొస నేలవైపు ఒరిగేలా. అప్పుడు కింది దెబ్బ లోపలికి దిగి పక్క స్ట్రింగ్‌కి ఆనుతుంది, పై దెబ్బ స్ట్రింగుల పైకి తేలి బయటికొస్తుంది. మారాల్సింది ఆ పై దెబ్బ తర్వాతే. పెంటటానిక్‌లో (ఐదు స్వరాల స్కేల్) స్ట్రింగ్‌కి రెండేసి నోట్లు కాబట్టి ఈ లెక్క దానంతటదే కుదురుతుంది. మూడేసి నోట్ల స్కేల్‌లో మూడోది కింది దెబ్బ అయి పిక్ లోపలే చిక్కుకుంటుంది. అక్కడ మొదటి నోటు కింది దెబ్బతో, రెండోది హ్యామర్-ఆన్‌తో (పిక్ లేకుండా ఎడమ వేలితో ఫ్రెట్ మీద కొట్టి), మూడోది పై దెబ్బతో తీయండి. సన్న స్ట్రింగుల వైపు వెళ్తున్నప్పుడు మూడో కింది దెబ్బని అదే ఊపుతో పక్క స్ట్రింగ్ మీదికి జార్చడం ఇంకో దారి, ఎకానమీ పికింగ్ అంటారు. ఇందులో జారిన నోటు తొందరపడి బీటు కంటే ముందే పడుతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే గానీ ఈ తప్పు దొరకదు.

పిక్ మందం 1 మిల్లీమీటరుకి అటూఇటూ ఉంటే మంచిది. అర మిల్లీమీటరు పిక్ వంగి, ఆలస్యంగా వెనక్కి వస్తుంది. వేలి బయట కొస మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) వేస్తే హ్యామర్-ఆన్‌ల హెచ్చుతగ్గులు కప్పబడిపోతాయి కాబట్టి సాధన క్లీన్ టోన్‌తో చేయండి. కానీ వాయించని స్ట్రింగుల గోల డిస్టార్షన్‌లోనే బయటపడుతుంది. దాన్నీ ఒకసారి చూసుకోవాలి. లావు స్ట్రింగుల్ని కుడి అరచేయి అంచుతో, సన్నవాటిని ఎడమ చూపుడు వేలి అడుగుతో అణచాలి.

ఇక భావం. వేగంలో పొరపాటుని జనం క్షమిస్తారు, శ్రుతి తప్పిన బెండ్‌ని (తీగని పక్కకి తోసి స్వరం పెంచడం) క్షమించరు. బి స్ట్రింగ్ (సన్నవైపు నుంచి రెండోది) 5వ ఫ్రెట్‌లో చూపుడు వేలు, జి స్ట్రింగ్ 7వ ఫ్రెట్‌లో ఉంగరం వేలు పెట్టి, రెండూ కలిపి మోగిస్తూ జి స్ట్రింగ్‌ని రెండు ఫ్రెట్ల ఎత్తు బెండ్ చేయండి. రెండూ ఇ స్వరం మీద కలిసేదాకా ధ్వనిలో ఒక ఊగులాట వినిపిస్తుంది, కలవగానే ఆగిపోతుంది. చెవికి ఇంతకంటే మంచి గురువు లేదు. ఒక్క స్ట్రింగే బెండ్ చేస్తున్నప్పుడు ఉంగరం వేలి వెనక మధ్య వేలు, చూపుడు వేలు కూడా తోడుండాలి, బొటనవేలు నెక్ పైన ఆనాలి, తోపు ముంజేతి తిరుగుడు నుంచి రావాలి. అకౌస్టిక్ మీద ఇది రావట్లేదని బాధపడేవాళ్లు ఒకటి గమనించండి: 12 గేజ్ (తీగల మందం) అకౌస్టిక్ సెట్‌లో జి స్ట్రింగ్‌కి తీగ చుట్టి ఉంటుంది, 9 లేదా 10 గేజ్ ఎలక్ట్రిక్ సెట్‌లో అది మామూలు తీగ. తప్పు మీ వేళ్లది కాదు.

వైబ్రాటోలో, అంటే స్వరాన్ని ఊపడంలో, స్ట్రింగ్‌ని పక్కకి లాగితే స్వరం పైకే పోతుంది, ప్రతి ఊపులో అసలు స్వరానికి తిరిగి రావాలి. రాకపోతే నోటంతా శ్రుతి ఎక్కినట్టుంటుంది. మెట్రోనోమ్ 60లో బీటుకి రెండు ఊపులు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ బొటనవేలిని నెక్ నుంచి వదిలేసి చూపుడు వేలి చుట్టూ చేతినే తిప్పేవాడు. ఆ సన్నటి వణుకు అలా వచ్చిందే. పాలకొల్లులో పుట్టిన కర్ణాటక సంగీత విద్వాంసుడు యు. శ్రీనివాస్ మాండలిన్ జంట తీగల్ని తీసేసి ఒంటి తీగలు వేసుకున్నది గమకాల కోసమే. కంపితం (స్వరాన్ని ఊపడం), జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) విన్న చెవికి గిటార్ మీద వైబ్రాటో, స్లైడ్ కొత్తగా అనిపించవు.

ఎ మైనర్, ఎఫ్, సి, జి కార్డ్స్ మీద సోలో వాయిస్తుంటే, కార్డ్ మారిన క్షణంలో దాని మూడో స్వరం (కార్డ్ పేరున్న స్వరం నుంచి లెక్కిస్తే మూడోది) మీద దిగండి: వరసగా సి, ఎ, ఇ, బి. ఎ మైనర్ పెంటటానిక్‌లో బి లేదు. బి స్ట్రింగ్ 10వ ఫ్రెట్‌లో ఎ పట్టుకుని, జి కార్డ్ పడుతుండగా రెండు ఫ్రెట్ల ఎత్తు బెండ్ చేస్తే బి దొరుకుతుంది. కార్డ్ మళ్లీ ఎ మైనర్‌కి మారేటప్పుడు మెల్లగా వదలండి, సరిగ్గా బీటు మీద ఎ కి చేరేలా.