పనిచేసింది నికెలేనా? నా పీహెచ్‌డీ అనుభవం

నా పీహెచ్‌డీ అంతా సుజుకి కప్లింగ్ అనే రియాక్షన్ మీదే, కాకపోతే దాన్ని నడిపించే లోహం (ఉత్ప్రేరకం) పల్లాడియం బదులు నికెల్. రెండు బెంజీన్ రింగుల్ని కార్బన్-కార్బన్ బంధంతో కలిపే ఇలాంటి కప్లింగ్‌లకే 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది. వాళ్లు వాడింది పల్లాడియం, దాని ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

మొదటి ఏడాది గాలిని బయట ఉంచడంతోనే సరిపోయింది. ష్లెంక్ లైన్ (వాక్యూమ్‌కీ ఆర్గాన్‌కీ కలిపిన గాజు గొట్టాల అమరిక) మీద ఫ్లాస్కులో గాలి లాగేయడం, ఆర్గాన్ నింపడం, మళ్లీ లాగేయడం. టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో సోడియం, బెంజోఫినోన్ వేసి మరిగిస్తే ముదురు నీలం వస్తుంది, అది వెలిసిపోయిందంటే తేమో గాలో చేరినట్టే. "ఆ సెప్టమ్ నిండా సూది కన్నాలే, మార్చెయ్ రా" అని ఫ్లాస్కు రబ్బరు మూత చూపించి సీనియర్ అక్క రోజూ అరిచేది.

చివరికి ఈల్డ్ (చేతికొచ్చిన ప్రొడక్ట్ శాతం) బాగా వచ్చింది, పేపర్ పంపాం. ఒక రివ్యూయర్ ఒకటే అడిగాడు: పనిచేసింది నికెలేనా, ఎక్కడో అంటుకున్న పల్లాడియమా? ఒళ్లు మండింది, కానీ ఆ అనుమానానికి కారణం ఉంది. 2003లో లెడ్‌బీటర్ అనే కెమిస్ట్ బృందం లోహమే లేకుండా సుజుకి కప్లింగ్ అయిందని రాసి, 2005లో వాళ్లే తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో ఉన్న 50 పీపీబీ పల్లాడియం ఆ పని చేసిందని తేల్చారు. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు!

ఇక మళ్లీ మొదలు. పాత స్టిర్ బార్‌ల (ఫ్లాస్కులో తిరిగే అయస్కాంత కడ్డీల) టెఫ్లాన్ గీతల్లో పాత రియాక్షన్ల లోహపు నల్లటి మరకలు ఉంటాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు, అందుకే అన్నీ పారేసి కొత్తవి తెచ్చాం, ఫ్లాస్కులూ కొత్తవే, బేస్ (సోడియం కార్బొనేట్ లాంటి క్షారం) కూడా ఎక్కువ శుద్ధి ఉన్నది. నికెల్ లేకుండా పెడితే టీఎల్‌సీ ప్లేటు (ఏ పదార్థాలు ఉన్నాయో మచ్చలుగా చూపేది) మీద ప్రొడక్ట్ మచ్చే లేదు (ఖాళీ ప్లేటు చూసి అంత సంబరపడ్డది అప్పుడే). శాంపిళ్లు ఐసీపీ-ఎంఎస్‌కి (అతి కొద్ది లోహాన్నీ కొలిచే పరీక్ష) వేరే సంస్థకు పంపి, రిపోర్టులో వచ్చిన ఆ కాస్త పల్లాడియాన్ని నికెల్ లేని ఫ్లాస్కులో కావాలనే కలిపి చూశాం, ఈల్డ్ లెక్కపెట్టేంత కూడా రాలేదు. పేపర్ ఒప్పుకున్నారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్న కూడా ఇదే, అప్పటికి నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉన్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో ప్రాసెస్ కెమిస్ట్‌ని. మాత్రలుగా వేసుకునే మందుల్లో రోజుకు 100 మైక్రోగ్రాముల పల్లాడియం దాటకూడదని ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిబంధన, కాబట్టి జీతం తీసుకునేది ఎక్కువగా బ్యాచ్‌ల్లోంచి ఆ లోహాన్ని బయటికి లాగడానికే.