సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగుకు మార్కులు ఎక్కడ వేయాలి?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చెప్పే అధ్యాపకులందరికీ కంఠతా వచ్చిన ప్రశ్న ఒకటుంది: ‘వాటర్‌ఫాల్ మోడల్‌ను పటం సహాయంతో వివరించండి.’ ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్న వస్తూనే ఉంటుంది, విద్యార్థులు పెట్టెలు గీసి బాణాలు పెడతారు, మనం మార్కులు వేస్తాం. నిజానికి 1970లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త విన్‌స్టన్ రాయిస్ తన వ్యాసంలో అటువంటి పటం గీసింది ఆ పద్ధతిని మెచ్చుకోవడానికి కాదు. ఒక దశ ముగిశాకే మరో దశ అన్నట్టుగా పెద్ద పనిని నడిపితే చివర్లో దెబ్బ తింటామని హెచ్చరించి, వెనక్కి వెళ్లి సరిదిద్దుకునే దారులు ఎలా ఉండాలో చూపడానికి. మన జవాబు పత్రాల్లోకి పటం వచ్చింది, హెచ్చరిక రాలేదు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సమావేశంతో. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుతున్నాయి, ఖర్చు మించుతోంది, నమ్మకంగా పనిచేయడం లేదు అన్న ఆందోళనే ఆ సమావేశానికి మూలం. తరువాతి కాలంలో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ ఈ విద్యను, ఎక్కువ మంది కలిసి ఎక్కువ వెర్షన్లుగా ప్రోగ్రాములను నిర్మించే పనిగా వివరించారు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా పనికొచ్చే నిర్వచనం లేదు. ఒక్కడు కూర్చుని ఒక్కసారి రాసి పక్కన పెట్టే ప్రోగ్రాముకు ఈ విద్యతో పెద్దగా అవసరం లేదు. ఒకరు రాసిన దాన్ని ఇంకొకరు చదవాలి, చెడగొట్టకుండా మార్చాలి, ఆ మార్పు ఎందుకు చేశారో ఆరు నెలల తరువాత వచ్చే మూడో మనిషికి అర్థం కావాలి. ఈ నిర్వచనాన్ని ఒప్పుకుంటే, మనం మార్కులు వేస్తున్న చోటు సరైనది కాదని కూడా ఒప్పుకోవలసి వస్తుంది.

మా దగ్గర థియరీ పేపరుకు ఇంటర్నల్ 30, సెమిస్టర్ చివరి పరీక్షకు 70. ఆ 30లో కూడా ఎక్కువ భాగం మిడ్ పరీక్షలకే పోతుంది, అసైన్‌మెంటుకు మిగిలేది కొసరు. ఇక ల్యాబ్ అంటే రికార్డు: ఎస్ఆర్ఎస్ పత్రం (ప్రోగ్రాము ఏం చేయాలో రాసుకునే పత్రం), యూజ్ కేస్ డయాగ్రమ్, క్లాస్ డయాగ్రమ్, సీక్వెన్స్ డయాగ్రమ్, అన్నీ నీటుగా గీసి, సంతకం పెట్టించుకుని, అట్ట వేసిన పుస్తకం. ఆ డయాగ్రమ్‌లలో అధిక భాగం ఏటీఎం, గ్రంథాలయం, రైల్వే రిజర్వేషన్ చుట్టూనే తిరుగుతాయి. సీనియర్ల రికార్డులోనివే జూనియర్ల రికార్డులోకి నడిచి వస్తాయి. చివరి ఏడాది ప్రాజెక్టు సంగతి అందరికీ తెలుసు. అమీర్‌పేటలోనో విశాఖలోనో డబ్బు కట్టి తెచ్చుకున్న జిప్ ఫైలు తెరమీద నడిచి చూపిస్తే, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రెండు ప్రశ్నలు అడిగి తరువాతి బ్యాచ్‌ను పిలుస్తారు. ఇందులో విద్యార్థులను నిందించడం నాకు న్యాయమనిపించదు. చివర్లో ఒక పుస్తకమూ, నడిచే ఒక తెరా మాత్రమే అడిగినప్పుడు, వాటిని తక్కువ శ్రమతో తెచ్చే దారినే ఎవరైనా వెతుకుతారు.

మరి ఏం అడగాలి? ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూపిస్తాను. పలాస వైపు నుంచి వచ్చిన విద్యార్థులున్న ఒక బ్యాచ్, జీడి పిక్కలు కొనే ఒక చిన్న వ్యాపారి లెక్కల కోసం ప్రోగ్రాము రాసింది. అక్కడ పిక్కల బేరం కిలోల్లో సాగదు, 80 కిలోల బస్తాల్లో సాగుతుంది. పిక్క కొట్టి పొట్టు తీశాక వచ్చే పప్పు గుండు, బద్ద, ముక్క అని విడిపోతుంది. గుండు పప్పులో మళ్లీ పౌను బరువుకు ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 వంటి గ్రేడులు ఉంటాయి. పుస్తకంలోని గ్రంథాలయం ఉదాహరణలో ఇటువంటి చిక్కులు ఉండవు, అందుకే అది చేత్తో తిప్పేసే పాఠంగా మిగిలిపోతుంది. వ్యాపారి ఎదుట కూర్చుని, ఆయన రోకడ పుస్తకం తిరగేసి, ‘ఈ గీత కింద ఉన్నదేమిటండీ?’ అని అడిగి తెలుసుకుంటేనే ఎస్ఆర్ఎస్ పత్రానికి ప్రాణం వస్తుంది.

ఆ ప్రోగ్రాములో ఒక విద్యార్థి బస్తాల సంఖ్యను పూర్ణసంఖ్యగా పెట్టాడు. బస్తా 14,000 రూపాయల చొప్పున మూడు బస్తాలు అని ఇస్తే 42,000 వచ్చింది, అందరూ సరే అనుకున్నారు. మూడున్నర బస్తాలు తెచ్చిన రైతుకు రావలసింది 49,000. ప్రోగ్రాము మాత్రం 42,000 అనే చూపింది, ఎందుకంటే జావాలో దశాంశ సంఖ్యను ‘ఇంట్’గా మారిస్తే భిన్నం చప్పుడు లేకుండా ఊడిపోతుంది. ఎర్రర్ రాలేదు, తెర ఆగలేదు, రైతుకు మాత్రం 7,000 రూపాయలు తగ్గాయి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం సుమారు 40 సెకన్లలో ముగిసిపోవడానికి కూడా ఒక సంఖ్య మార్పిడే కారణం: ఏరియన్ 4 నుంచి యథాతథంగా తెచ్చుకున్న కోడులో 64 బిట్ల దశాంశ సంఖ్య 16 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టలేదు. క్లాసులో ఏరియన్ కథ చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు; మూడున్నర బస్తాల లెక్క వాళ్ల చేతిలోనే తప్పినప్పుడు మాత్రం అది వాళ్ల సొంత చదువవుతుంది.

నా ఉద్దేశంలో మార్కులు వేయవలసింది సరిగ్గా ఇక్కడ. తప్పును ఎవరు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారు? దిద్దడానికి ముందే, తప్పును బయటపెట్టే టెస్టు రాశారా? దిద్దిన పద్ధతి వెనుక ఆలోచన ఉందా, లేక ‘ఇంట్’ తీసి దశాంశాలు పట్టే ‘డబుల్’ పెట్టి వదిలేశారా? ఆ బ్యాచ్ చివరికి బరువును కిలోల్లో దాచి, తెరమీద మాత్రం బస్తాల్లో చూపాలని నిర్ణయించింది. అలా చేస్తే రేపు బస్తా కొలత మారినా పాత లెక్కలు చెడవని వాళ్లలో ఒక అమ్మాయి వాదించి ఒప్పించింది. ఆ వాదన రికార్డు పుస్తకంలో ఎక్కడా కనిపించదు. కమిట్ సందేశంలో (కోడులో చేసిన ప్రతి మార్పును దాచేటప్పుడు దానితో పాటు రాసే చిన్న వివరణ), రివ్యూ వ్యాఖ్యల్లో కనిపిస్తుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లాస్ట్ ఫైనల్’ అన్న సందేశాలకూ, ‘అర బస్తా కొనుగోలులో భిన్నం పోతున్నందున బరువును కిలోల్లోకి మార్చాం’ అన్న సందేశానికీ ఉన్న తేడాకు మార్కులు ఉండాలి.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం తయారుచేసిన గిట్ అనే సాధనం కోడు మార్పుల ఈ చరిత్రనంతా ఉచితంగా దాచిపెడుతుంది కాబట్టి, అధ్యాపకుడికి ఇంతకు ముందు లేని ఆధారం దొరికింది. అయితే దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కమిట్ మీద పడే పేరు ఆ కంప్యూటర్ సెట్టింగులో ఉన్న పేరు మాత్రమే. ల్యాబ్‌లో ఉదయం బ్యాచ్ విద్యార్థి పేరు అందులో మిగిలిపోతే మధ్యాహ్నం బ్యాచ్ పనంతా అతని ఖాతాలో పడుతుంది. తేదీని కూడా కావాలనుకుంటే మార్చవచ్చు. ఇద్దరికి ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న చోట ఒకరు ఆలోచించి ఇంకొకరు టైపు చేస్తారు, పేరు టైపు చేసిన వారిది అవుతుంది; కమిట్ సందేశం చివర ‘కో-ఆథర్డ్-బై’ అని రెండో పేరు చేర్చే వాడుకను మొదటి ల్యాబ్‌లోనే నేర్పితే ఈ అన్యాయం చాలా వరకు తీరుతుంది. ఇక కమిట్‌లు లెక్కపెట్టి, లేదా వరుసలు లెక్కపెట్టి మార్కులు వేయడం మాత్రం పూర్తిగా తప్పు. లెక్క దేనికో తెలిసిన మరుక్షణం విద్యార్థులు ఒక మార్పును పది ముక్కలు చేస్తారు. పైగా మంచి ఇంజనీరు చేసే పనుల్లో అనవసరమైన కోడును తీసేయడం ఒకటి, దానికి వరుసల లెక్కలో విలువ ఉండదు.

టెస్టింగ్ పాఠానికి కూడా ఇదే వర్తిస్తుంది. కోడు లోపల చూడకుండా పరీక్షించే బ్లాక్ బాక్స్, లోపల చూసి పరీక్షించే వైట్ బాక్స్ తేడాలు పట్టిక గీసి రాయగలిగిన విద్యార్థి, తన టెస్టులు ఏ తప్పును పట్టుకుంటాయో చెప్పలేకపోవచ్చు. దీనికి నాకు నచ్చిన పద్ధతి మ్యుటేషన్ టెస్టింగ్. 1970ల నాటి ఆలోచనే అయినా మన ల్యాబ్‌లకు చక్కగా సరిపోతుంది: సరిగ్గా పనిచేసే కోడులో అధ్యాపకుడు కావాలని చిన్న చిన్న తప్పులు పెట్టాలి, ‘కంటే తక్కువ’ ఉన్న చోట ‘తక్కువ లేదా సమానం’ పెట్టడం, కూడిక గుర్తును తీసివేతగా మార్చడం వంటివి. విద్యార్థి రాసిన టెస్టులు ఆ తప్పుల్లో ఎన్నిటి దగ్గర ఎర్రజెండా ఎత్తుతాయో చూడాలి. ఇందులో కాపీకి చోటు తక్కువ, వాదనకు చోటే లేదు.

జట్టు పనిని కొలవడమే అన్నిటికన్నా కష్టం. నలుగురున్న బ్యాచ్‌లో ఒకరి మార్కులు ఇంకొకరిని వేయమంటే, ఒకే ఊరివాళ్లు, ఒకే హాస్టల్ గదివాళ్లు అందరికీ సమానంగా వేసి ఊరుకుంటారు. స్నేహం చెడగొట్టుకోమని మనం వాళ్లను అడగలేం. మార్కులకు బదులు, ‘ఈమె చేసిన ఏ పని లేకపోతే నీ పని ఆగిపోయేది?’ అని ఒక్కొక్కరి గురించి విడిగా రాయమంటే నిజం చాలా వరకు బయటపడుతుంది. ఇంకో సంగతిని కూడా గట్టిగా చెప్పాలి. మన బ్యాచ్‌లలో ఆడపిల్లలకు డాక్యుమెంటేషన్, పీపీటీ అప్పజెప్పి మగపిల్లలు కోడింగ్ పంచుకోవడం ఎవరూ చెప్పకుండానే జరిగిపోతోంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ అమ్మాయిని అడిగేది కోడు గురించే. రెండు వారాలకొకసారి పనులు చేతులు మారాలని నియమం పెట్టి, చేతులు మారిన గుర్తు కమిట్ చరిత్రలో కనిపించాలని అడగడం అధ్యాపకుడి బాధ్యత.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ మార్పు మరింత అత్యవసరమైంది. ఎస్ఆర్ఎస్ పత్రం, డయాగ్రమ్‌లు, కోడు, టెస్టులు, చివరికి కమిట్ సందేశాలు కూడా అడిగితే వచ్చేస్తున్నాయి. నిషేధించడం మన చేతిలో లేదు, ఉద్యోగాల్లో అవి వాడుతూనే ఉన్నారు. మనం చేయగలిగింది, విద్యార్థిని తన ప్రాజెక్టు ముందు కూర్చోబెట్టి ఒక చిన్న మార్పు అడగడం: ‘రైతుకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు ఈ బిల్లులో తగ్గాలి, చేసి చూపించు.’ ఏ ఫైలు తెరవాలో తెలిసిన వాడూ, తెలియని వాడూ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతారు. ఈ సంభాషణ తెలుగులో జరగాలని నా గట్టి అభిప్రాయం. సీతంపేట, మందస వంటి చోట్ల ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు, కారణం తెలిసీ ఇంగ్లీషు వాక్యం కుదరక మౌనంగా నిలబడటం నేను చాలాసార్లు చూశాను. భావ వ్యక్తీకరణను కొలవాలంటే దానికి వేరే మార్కులు పెట్టి వేరేగా కొలవవచ్చు. డిజైన్ అర్థమైందా లేదా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులో భాషకు మార్కులు కోయకూడదు.

ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు కోసం మనం నింపే పట్టికల్లో జట్టు పని, భావ వ్యక్తీకరణ, ప్రాజెక్టు నిర్వహణ అన్నీ ఉన్నాయి. భారతదేశం 2014లో, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందాక వాటికి ప్రాధాన్యం ఇంకా పెరిగింది. థియరీ పరీక్ష మార్కులనే ఎక్సెల్‌లో గుణించి జట్టు పని సాధించామని చూపించే బదులు, పైన చెప్పిన ఆధారాలనే ఆ పట్టికలకు వాడుకుంటే అవి నిజమైన పట్టికలవుతాయి. జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం 2022లో ఏర్పడటంతో సిలబస్, పరీక్షల నిర్ణయాలు కాకినాడ దాకా పోకుండా మన దగ్గరే జరిగే అవకాశం వచ్చింది కాబట్టి, ఈ మాటను సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా తీసుకెళ్లడం ఇప్పుడు సాధ్యమే.

ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం సమయం. సెక్షనుకు 60 మంది, ఒక్కొక్కరితో పది నిమిషాలంటే పది గంటలు. సెమిస్టర్ చివరి వారంలో అది అసాధ్యమే. కానీ ప్రతి వారం ల్యాబ్‌లో నలుగురితో మాట్లాడితే పదిహేను వారాల్లో అందరూ పూర్తవుతారు, మిగిలినవారి పని ఆగదు. ముందు వారాల్లో వచ్చిన వారికీ చివర్లో వచ్చిన వారికీ ఒకే కొలత ఉండకూడదు, ప్రాజెక్టు ఆ వారానికి ఏ స్థితిలో ఉందో దాన్నిబట్టి ప్రశ్న ఉండాలి.

వచ్చే సెమిస్టర్‌లో నేను ఏడో వారంలో ఒక మార్పిడి పెట్టబోతున్నాను. ప్రతి బ్యాచ్ తన కోడును పక్క బ్యాచ్‌కు అప్పగిస్తుంది. తీసుకున్నవారు, ప్రోగ్రామును ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైలు ఒక్కటే చూసి దాన్ని నడిపించి, నేనిచ్చిన ఒక కొత్త అవసరాన్ని అందులో చేర్చాలి. తీసుకున్నవారు నడపలేకపోతే మార్కులు తగ్గేది అప్పగించిన బ్యాచ్‌కు. రాజాం, టెక్కలి, బొబ్బిలి వైపు ఇదే సబ్జెక్టు చెబుతున్న మిత్రులెవరైనా ముందుకు వస్తే, ఈ మార్పిడిని రెండు కళాశాలల మధ్య చేద్దాం. విద్యార్థుల పేర్లు తీసేసిన కోడునూ, మూల్యాంకన పత్రం నమూనానూ నేను పంపుతాను.