తగ్గిపోయింది కదా, ఇంకెందుకు?

శనివారం, కార్తీకం

డాక్టరుగారు ఈసారి కూడా అత్తయ్య డిప్రెషన్ మాత్ర ఆపమనలేదు. ఇవాళ్టితో ఆపేయమంటారని అత్తయ్య గట్టి నమ్మకంతో బయల్దేరారు. ఇస్త్రీ చీర తీయించుకుని కట్టుకున్నారు, తల నున్నగా దువ్వుకున్నారు. ఎంవీపీ కాలనీ దాటకముందే ఆటోలో చెప్పేశారు: "బాగున్నట్టు కనపడాలే అమ్మాయ్, లేపోతే ఇంకో రెండు రాసీగలడు."

విశాఖ మహారాణిపేటలో ఆ సైకియాట్రిస్టు క్లినిక్ ఉన్న సందులో గుండె, కీళ్ళు, చర్మం, పిల్లలు, అన్నిటికీ బోర్డులే. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ కీళ్ళ డాక్టరు మెట్ల దగ్గర ఆగిపోయి, "ఎవరైనా కనపడితే మోకాళ్ళకని చెప్పు" అన్నారు. ఇప్పుడా బెరుకు లేదు. పేర్లు రాసుకునే అమ్మాయితో స్నేహం కుదిరింది. ఆ పిల్లకి సంబంధం చూసే పని కూడా నెత్తిన వేసుకున్నారు. మనిషి కోలుకుందనడానికి నాకు ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

సరిగ్గా ఆ మాటే ఆవిడా పట్టుకున్నారు. "నిద్ర పడుతున్నాది, ఆకలవుతున్నాది, బాగానే ఉన్నాను కదా బాబూ, మరింకెందుకీ మాత్ర?"

"బాగున్నారు కాబట్టే వేసుకోవాలమ్మా" అన్నారాయన. తర్వాత నా వైపు కూడా తిరిగి వివరంగా చెప్పారు. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్ళకి, లక్షణాలన్నీ పోయాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు కొనసాగిస్తారు. పెద్దవయసువాళ్ళకైతే ఏడాది దాకా వెళ్తారు. ముందే మానేస్తే తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువ. మానేటప్పుడైనా ఒక్క దెబ్బతో కాదు, వారాల మీద మెల్లగా తగ్గించాలి. చటుక్కున ఆపేస్తే తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, నిద్ర చెడుతుంది, తలలో జివ్వుమని కరెంటు లాగినట్టు కూడా ఉంటుందట. అది చూసి కొందరు జబ్బు తిరిగొచ్చిందనుకుంటారు, కొందరు మందుకి బానిసలైపోయామనుకుంటారు.

అత్తయ్య మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో మందుల గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఏదో ఒకటి చేయండి, ముందు మనిషి లేవాలి, అంతే. లేచి వంటింట్లోకి వచ్చి పోపులో ఇంగువ చాలలేదని నన్ను సాధించడం మొదలెట్టాక, అందరికీ ఆ మాత్ర కంట్లో నలుసైపోయింది. తగ్గిపోయింది కదా, ఇంకెందుకు? ఎదురింటి పిన్నిగారు, ఆడపడుచు, చివరికి మా ఆయన కూడా. ఈ వైద్యంలో కష్టమంతా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాకానే అనుకుంటారు గానీ, నన్నడిగితే అసలు కష్టం తగ్గాక మొదలవుతుంది.

అసలిది డిప్రెషన్ అని తెలియడానికే ఎంత తిరిగామో. మామయ్యగారు పోయాక ఏడుపు, బెంగ ఉన్నాయి, అవి ఉండాల్సినవే. నెలలు గడిచేకొద్దీ అవి తగ్గకపోగా వేరే రూపంలో పడ్డాయి. ఆవిడ "నాకు దిగులుగా ఉంది" అని ఒక్కసారీ అనలేదు. గుండెల్లో దడ, కడుపులో మంట, అరికాళ్ళు తిమ్మిరి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఇవే చెప్పేవారు. ఈసీజీ తీశారు, ఎకో చేశారు, గొట్టం వేసి కడుపు చూశారు. ప్రతి కాగితం మీదా నార్మల్ అనే. నార్మల్ అన్న ప్రతిసారీ ఆవిడ ఇంకా కుంగిపోయేవారు, తన బాధ అబద్ధమంటున్నారని. ఆఖరికి పెద్ద ఫిజీషియన్ ఒకాయన రిపోర్టులన్నీ పక్కన పెట్టి, "రామకోటి రాస్తారా అమ్మా?" అని అడిగారు. మానేసి చాలా రోజులైందన్నారు అత్తయ్య. మనవరాలు ఫోన్ చేస్తే మాట్లాడతారా అంటే, విసుగ్గా ఉంటుందన్నారు. అప్పుడు రాసిచ్చారు సైకియాట్రిస్టుకి.

ఈయన కూడా మొదటి రోజే మాత్ర రాసేయలేదు. థైరాయిడ్, బీ12, రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్ చూశారు. వాటిలో ఏది తేడాగా ఉన్నా మనిషి ఇలాగే నీరసపడిపోవచ్చట. తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి తీశారు. పోయిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పని మీద మనసు పోతోందా, ఇలా. ప్రతిదానికీ సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. ఎనిమిదింటి దాకా నేను మామూలుగానే విన్నాను. తొమ్మిదోది చావు ఆలోచన గురించి. ఆయన గొంతు మార్చకుండా, అన్నం తిన్నారా అన్నంత మామూలుగా అడిగేశారు.

"దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అన్నారు అత్తయ్య.

ఆ మాట మన ఇళ్ళలో ముసలివాళ్ళు రోజుకోసారి అంటారు, మనం వినీ విననట్టు పోతాం. డాక్టరు పోలేదు. ఆ ఆలోచన ఎప్పుడెప్పుడొస్తుంది, తనంతట తాను ఏమైనా చేసుకోవాలనిపించిందా, ఎలా అని ఏమైనా అనుకున్నారా, ఒక్కొక్కటే అడిగారు. లేదు, అంతదాకా లేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని నాకు భయమేసింది. బయటికొచ్చాక అదే అంటే, "అడిగితే పుట్టదమ్మా. దాచుకున్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుంది" అన్నారు. టెలీమానస్ నంబరు 14416 కూడా ఫ్రిజ్ మీద అంటించమన్నారు. ఫోన్లో మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ అది, 2022 నుంచి ఉంది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరం పడలేదు, కాగితం మాత్రం ఇంకా అక్కడే ఉంది.

డిప్రెషన్ మాత్ర, ఎస్సిటలోప్రామ్, 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి 10కి పెంచారు. మొదటి వారం వికారం, అన్నం సహించలేదు, గుణం మాత్రం ఏమీ కనపడలేదు. రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. చెప్పకపోతే ఆ వారమే మాత్రలు చెత్తబుట్టలోకి పోయేవి. పక్కన కొద్ది రోజులకని నిద్ర పట్టడానికి క్లోనాజెపామ్ అనే మాత్ర రాసి, నిద్ర కుదురుకోగానే తగ్గిస్తూ ఆపేశారు. "మత్తుమందులు, అలవాటైపోతాయి" అని పిన్నిగారనేది నిజానికి ఈ రెండోదాని గురించి. ఎక్కువకాలం వాడితే ఆ కోవ మందులు అలవాటవుతాయి, డాక్టరే చెప్పారు. ఎస్సిటలోప్రామ్ ఆ జాతి కాదు. పిన్నిగారి దృష్టిలో రెండూ ఒకటే, ఎందుకంటే రెండూ "బుర్రకి వేసే మాత్రలు".

ఇవాళ వరండాలో మా పక్కన అనకాపల్లి వైపు నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. కొడుక్కి డిగ్రీ చదివేటప్పుడు మొదలైందట, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, ఇంట్లోవాళ్ళే విషం పెడుతున్నారనడం. "భూతవైద్యుడి దగ్గిర రెండెకరాలు పోయింది తల్లీ, తరవాత వాల్తేరు తీసుకెళ్ళాం" అన్నాడు. వాల్తేరు అంటే మానసిక వైద్యశాల. చిన్నప్పుడు మేం అల్లరి చేస్తే "వాల్తేరులో పడేస్తాను" అనేవారు, ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళెవరూ ఆ బెదిరింపు వినకుండా పెద్దవాళ్ళవలేదు. ఆ ఆసుపత్రే ఈయన కొడుకుని నిలబెట్టింది. అక్కడ ఓపీ చూస్తారు, మందులు ఉచితం. కుర్రాడు మాత్రలు ఉమ్మేస్తున్నాడని నెలకోసారి ఇంజెక్షన్‌కి మార్చారు, ఇప్పుడు కిరాణా కొట్లో లెక్కలు రాస్తున్నాడు. ఇక్కడికి వచ్చింది కొడుకు కోసం కాదు, తన కోసం. ఇన్నేళ్ళూ కొడుకుని కాచుకుని ఇప్పుడు ఈయనకి నిద్ర పట్టడం లేదు. ఇలాంటివాళ్ళని గురించి ఎవరడుగుతారు?

"కరెంటు పెడతారంట కదా అక్కడ?" అని అత్తయ్య గొంతు తగ్గించి అడిగారు. ఆయన నవ్వాడు. తన కొడుక్కి అవసరం పడలేదుట, పక్క మంచం అతనికి పెట్టారట, మత్తిచ్చి. ఇప్పుడు చట్టమే అలా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఆ చికిత్స చేయకూడదు, గొలుసులతో కట్టకూడదు. ఏ మందులకీ లొంగని డిప్రెషన్‌కి, తిండీ నీళ్ళూ మానేసిన మనిషికి అది ప్రాణం నిలబెట్టే వైద్యం. సినిమాల్లో చూపించింది మాత్రం ఎవరి బుర్రలోంచీ పోదు.

బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ అందులోనే ఉంది. ఆ వరండాలో కుర్చీలు చాలక నిలబడ్డవాళ్ళని చూస్తే, వీళ్ళు ఆ అందినవాళ్ళన్నమాట.

సైకాలజిస్టు అమ్మాయి గది పక్కనే. ఆవిడ మందులు రాయరు, మాటలతోనే వైద్యం. మొదట్లో అత్తయ్యకి ఆ గది మీద చులకన. "కబుర్లకి డబ్బులేటి?" అనేవారు. కానీ రామకోటి మళ్ళీ మొదలెట్టించింది ఆ అమ్మాయే. మనసు కుదిరాక రాద్దామని కూర్చోవద్దు, ముందు రాయండి, మనసు తర్వాత వస్తుంది అంది. పేజీ కాదు, ఒక్క వరస. చేస్తే గుర్తు పెట్టాలి. మా వంటింటి గోడ క్యాలెండరు మీద తిథికీ వర్జ్యానికీ మధ్య పాల లెక్క ఉంటుంది, ఒకటిన్నర, రెండు అని పెన్సిలుతో. జూన్ నెల కాగితం మీద ఆ అంకెల పక్కన అక్కడక్కడా ఒక నీలం చుక్క. జూలైలో వరసగా చుక్కలు, మధ్యలో నాలుగు గళ్ళు ఖాళీ. ఆగస్టులో చుక్క పక్కన "బీచి" అని కూడా రాశారు, ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్ళొచ్చిన రోజులవి. అక్టోబరులో చుక్కలు లేవు. మరిచిపోయి రాయడం మానేశారు, రామకోటి పుస్తకం మాత్రం అయిపోయి రెండోది తెప్పించుకున్నారు.

ఇవాళ్టి అసలు గొడవ మాత్ర గురించి కాదు, సోమవారం గురించి. కార్తీక సోమవారాలు నక్షత్రం కనపడేదాకా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టరు. పోయినేడాది వదిలేశారు కాబట్టి ఈ ఏడు పట్టుదల. డాక్టరు పాత చీటీలన్నీ తిరగేసి, పోయిన నెల బీపీ మాత్ర మార్చిన సంగతి పట్టుకున్నారు. కొత్తదాంట్లో నీరు పోయే మందు కలిసి ఉంది. ఈ రకం డిప్రెషన్ మాత్రలు పెద్దవాళ్ళలో ఒక్కోసారి రక్తంలో సోడియం తగ్గిస్తాయి. నీరు పోయే మందు తోడైతే అది ఇంకాస్త జరగొచ్చు. అప్పుడు తూలుతారు, మగతగా ఉంటారు, మాట తికమక పడుతుంది, మనం వయసు మీద పడిందనుకుంటాం. సోడియం పరీక్ష రాశారు. ఉపవాసం ఉండొచ్చు, కానీ పాలు, పండు, నీళ్ళు తీసుకోవాలి, మాత్రలు వేళకి వేసుకోవాలి. "శివుడు ఏమీ అనుకోడమ్మా" అన్నారు. "నీకు చెప్పాడేటి?" అన్నారు అత్తయ్య. ఆయన ఇంత గట్టిగా నవ్వడం నేను ఇదే చూడ్డం.

ఇంకోటి కూడా బయటపడింది. మోకాళ్ళకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు. డిప్రెషన్ మాత్రతో కలిపి అవి వేస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుందట. ఎన్ని వేస్తున్నారని అడిగితే "ఎప్పుడో ఒకటి" అన్నారు. సంచీలో సగం ఖాళీ అయిన అట్ట కనపడింది. అది తీసి నా బ్యాగులో వేసుకున్నాను, ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

సాయంత్రం విజయనగరం నుంచి వదిన ఫోన్. "ఆపారా?" అన్నది మొదటి మాట. లేదన్నాను. "అమ్మని జీవితాంతం మాత్రల మీదే ఉంచీస్తారా ఏటి మీరు?" అంది. నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. వచ్చే నెల నువ్వే రా వదినా, నువ్వే తీసుకెళ్ళు, అడగాల్సినవన్నీ ఆయన్నే అడుగు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శనివారమైతే వస్తాను, ఆదివారం సింహాచలం కూడా చూసుకుని వెళ్తాను" అంది. తప్పకుండా రమ్మన్నాను. అప్పన్న దర్శనానికీ పది మిల్లీగ్రాములకీ తగాదా ఏముంది?

పరీక్ష సంగతి చెబితే, "సోడియం అంటే ఉప్పే కదా, రెండు ముక్కలు ఆవకాయ ఎక్కువ వెయ్యి, సరిపోతాది" అంది. ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పలచబడుతుంది గానీ ఉప్పు తినక కాదని, పైగా అత్తయ్యకి బీపీ ఉందని నేను చెబుతూనే ఉన్నాను, ఈలోపు అత్తయ్య వెనకనుంచి అందుకున్నారు: "అది చెప్పింది బాగానే ఉందే, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టావ్?"