120 మీటర్లు ఎక్కడ నుంచి లెక్క?

తిరుపతి నుంచి వచ్చినప్పటి నుంచీ అందరూ దర్శనం ఎలా జరిగిందనే అడుగుతున్నారు. బాగానే జరిగింది, నాలుగు గంటలు పట్టింది, లడ్డూలు పంచడం కూడా అయిపోయింది. నాకు చెప్పుకోవాలని ఉన్నది వేరే. అయిదు రోజుల పాటు బట్టల మధ్యలో చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తిప్పిన నా డ్రోన్ మొత్తం మీద ఎగిరింది రెండుసార్లు. రెండూ కలిపి ఇరవై నిమిషాలు ఉంటాయేమో.

నాది చిన్నది, 249 గ్రాములు, 2021లో హైదరాబాద్‌లో కొన్నాను. 250 గ్రాముల లోపు ఉంటే మన రూల్స్‌లో దాన్ని నానో అంటారు, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంకేం అడ్డమనుకుని నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. బరువు ఎంత తక్కువైనా ఆకాశం మాత్రం అందరికీ ఒకటేనని దిగాక తెలిసింది.

పిన్ని వాళ్ళిల్లు తిరుచానూరులో. మేడ మీద నుంచి కొండలు పొద్దున్నే ఎంత బాగుంటాయో చూసినవాళ్ళకి తెలుసు. డ్రోన్ బయటికి తీసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపించే ప్రభుత్వ మ్యాప్ చూస్తే, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట అంతా ఎర్రగా ఉంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల దాకా రెడ్ జోన్, అసలు ముట్టుకోకూడదు. 5 నుంచి 8 వరకు పసుపు, అనుమతి ఉంటేనే. 8 నుంచి 12 మధ్యలో అయితే 200 అడుగుల లోపు ఎగరేసుకోవచ్చు, దాటితే మళ్ళీ పసుపే. పిన్ని మేడ ఈ మూడో దాంట్లో పడింది. 200 అడుగులంటే 60 మీటర్లు. దాంట్లోనే ఏదో తీద్దాం అనుకునే లోపల పిన్ని పైకొచ్చి, "అమ్మవారి గుడి పక్కనే ఉందిరా, ఎవరన్నా చూస్తే మీ బాబాయ్‌ని స్టేషన్‌కి పిలుస్తారు" అంది. 200 అడుగులు కాస్తా అక్కడే సున్నా అయిపోయాయి.

కొండ మీదికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు, అలిపిరిలో స్కానింగ్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. 2023 జనవరిలో గుడిని పైనుంచి తీసిన వీడియో ఒకటి బయట తిరిగి ఎంత గోలైందో కూడా గుర్తుంది. పిన్ని బీరువాలో పెట్టి వెళ్ళాను. మర్నాడు చంద్రగిరి కోట. ఆటో అతను రానూ పోనూ తొమ్మిది వందలు అడిగి ఏడొందలకి దిగాడు, అది కూడా నా మీద జాలి పడుతున్నట్టు మొహం పెట్టి. గేటు దగ్గర కాపలా ఆయన నా బ్యాగు చూసి, "డ్రోనా? కాగితం ఉందా సార్?" అన్నాడు. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందే అనుమతి తీసుకోవాలి, లేదు, తప్పు నాదే. రాజమహల్ చుట్టూ ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఏడొందలు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటున్నాయి.

ఇంక మిగిలింది మేనమామ తోట. చిత్తూరు బస్సెక్కి, అక్కడ మారి, పెనుమూరు రోడ్డులో దిగి అర కిలోమీటరు నడవాలి. చుట్టూ మ్యాప్ అంతా ఆకుపచ్చగా ఉంది, విమానాశ్రయం ఛాయలు కూడా లేవు. 400 అడుగులు, అంటే 120 మీటర్లు, ఎవరినీ అడగకుండా ఎగరేసుకోవచ్చు. తోట వెనకాలే గుట్ట ఉంది, దాని నెత్తిన చిన్న మునీశ్వరుడి గుడి. చిన్నప్పుడు తాతతో ఎక్కేవాణ్ణి. తాత దగ్గర ఒడిసెల ఉండేది, జొన్నచేలో పిట్టల్ని తోలడానికి, దాంతో రాయి విసిరితే ఎక్కడ పడిందో కూడా కనిపించేది కాదు. ఆ గుడిని పైనుంచి చూడాలన్నది నా కోరిక. అసలు ఈ ప్రయాణంలో డ్రోన్ మోసుకొచ్చిందే దానికి.

రాగి సంగటి, ఊరిబిండి తిని, ఎండ కాస్త తగ్గాక ఇంటి ముందు కళ్ళంలో నుంచి లేపాను. పైకి పోయింది, పోయింది, 120 దగ్గర టక్కున ఆగిపోయింది. గుడి ఇంకా పైనే ఉంది! స్క్రీన్ మీద గోపురం కాదు కదా, మెట్లు కూడా సగమే. ఆ హద్దు నేను పెట్టుకున్నదే, నా పాత యాప్‌లో సెట్టింగ్ మార్చి 500 దాకా పెంచుకోవచ్చు. కానీ తోట మీద అంతెత్తుకి పోతే రూల్ దాటినట్టే. అక్కడే ఒక తిరకాసు ఉంది. డ్రోన్ ఎత్తు చెప్పేది అది లేచిన చోటు నుంచి. గాలి ఒత్తిడిని బట్టి లెక్కేసుకుంటుంది, దాని కింద కొండ ఉందా లోయ ఉందా అన్నది దానికి పట్టదు. రూల్ చూసేది నేల నుంచి. గుట్ట వాలు వెంబడే పైకి పోతే కింద నేల ముప్ఫై మీటర్ల దూరంలోనే ఉంటుంది, రూల్ ప్రకారం తప్పేం లేదు, స్క్రీన్ మీద మాత్రం 150 అనో 160 అనో చూపిస్తుంది.

ఆ సాయంత్రం మ్యూనిక్ నుంచి మామ కొడుకు, మా బావ, వీడియో కాల్ చేస్తే ఈ గోడు చెప్పాను. ఒకటే నవ్వు. వాడిదీ 249 గ్రాములదే, కాకపోతే యూరప్ సరుకు, సీ0 గుర్తు ఉన్నది, అంటే 250 గ్రాముల లోపు డ్రోన్లకి అక్కడ వేసే తరగతి ముద్ర. అక్కడి చట్టం కూడా 120 మీటర్లే, దగ్గరలో ఉన్న నేల నుంచే కొలుస్తుంది, కాబట్టి వాలు వెంబడి ఎక్కొచ్చు. కానీ సీ0 డ్రోన్ మటుకు లేచిన చోటు నుంచి 120 దాటకుండా తయారీలోనే కట్టేయాలని రూల్. ఆల్ప్స్ కొండల్లో వాడికి చట్టం పొమ్మంటుంది, డ్రోన్ కదలనంటుంది. "నీకు సెట్టింగ్ అన్నా ఉంది, నాకు అదీ లేదు" అన్నాడు. పోనీ ఇక్కడికి పట్టుకురారా అంటే, విదేశాల్లో తయారైన డ్రోన్లని 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి చేసుకోకూడదు కదా, కస్టమ్స్‌లో పోగొట్టుకోవడం ఎందుకని అక్కడే వదిలేసి వస్తాడు.

మామ ఇదంతా పక్కన కూర్చుని వింటున్నాడు.

"ఎంత ఎత్తు పోతాదిరా అది?"

"నాలుగొందల అడుగులు మామా. అంతకు మించి పోకూడదు."

"అంతేనా? మన బోరు వెయ్యి అడుగుల పైనే పోయింది గదరా. కిందికి వెయ్యి పోతే నీళ్ళే పడలా, పైకి నాలుగొందలు దాటితే మాత్రం పోలీసోళ్ళు వస్తారా?"

కింద కూడా రూల్ ఉంది మామా, వాల్టా చట్టం అని బోరుకి కూడా అనుమతి తీసుకోవాలి అన్నాను. "ఎవురడిగినారు" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. మూడు బోర్లు ఎండిపోయిన మనిషి, ఆయనతో వాదించేంత తెలివి తక్కువవాణ్ణి కాదు.

మర్నాడు పొద్దున్నే డ్రోన్ వీపున వేసుకుని గుట్ట ఎక్కాను. చిన్నప్పుడు పరుగెత్తిన దారే, ఇప్పుడు మూడు చోట్ల కూర్చోవాల్సి వచ్చింది. పైనుంచి లేపితే గుడి అంతా కనపడటానికి 15 మీటర్లు చాలింది. ఇంత దానికా నిన్నంతా ఏడ్చాను అనిపించింది. ఆ సంతోషంలో అలాగే తోట మీదికి పోనిచ్చాను. స్క్రీన్ మీద 15 అనే ఉంది. ఒక్క నిమిషం తర్వాత వెలిగింది, గుట్ట ఎత్తే 120 కంటే ఎక్కువ కదా, ఇప్పుడు తోట నేల నుంచి అది ఎంత ఎత్తులో ఉన్నట్టు? డ్రోన్ మాత్రం ఏ హెచ్చరికా లేకుండా నిశ్చింతగా ఉంది. టెన్షన్ వచ్చి 50 మీటర్లు కిందికి దించాను, స్క్రీన్ మీద మైనస్ 35 అని పడింది. ఎగురుతున్న వస్తువు ఎత్తు మైనస్‌లో ఉండటం ఏమిటో, దాన్ని ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. తోట మొత్తం పడేలా ఒక ఫొటో తీసి వెనక్కి పిలిచేశాను, నాలుగేళ్ళ పాత బ్యాటరీ అప్పటికే అరుస్తోంది.

గుడి వీడియో మామకి చూపిస్తే ఊఁ అన్నాడంతే. తోట ఫొటో దగ్గర మాత్రం ఆగాడు. "ఈ పెద్దది చెయ్. మన చెట్లు లెక్క పెట్టొచ్చునా?" తోతాపురి చెట్లు నూట నలభై అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. మండువాలో కూర్చుని ఇద్దరం వేలుతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాం. నూట ముప్ఫై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాం. నూట ముప్ఫై ఒకటే.

మామ ఫోన్ నా చేతికిచ్చేసి, "అది సరైన ఎత్తులో నుంచి తీయలేదురా నువ్వు" అన్నాడు.