రోజూ మాత్రల నుంచి రెండు నెలలకోసారి సూదికి: నా అనుభవం

హెచ్ఐవీ మాత్రలు నా ఒంటికి బాగానే పడ్డాయి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ చాలాకాలంగా 50 లోపే, అంటే అదుపులోనే ఉంది. కష్టమల్లా వాటిని దాచడమే. బంధువుల ఇంటికి వెళ్తే సీసా మీది లేబుల్ పీకేయాలి, వేళకి ఏదో వంక చెప్పి పక్కకి తప్పుకోవాలి. అందుకే కాబోటెగ్రవిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్ల గురించి డాక్టరుగారు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వెంటనే మొదలుపెట్టలేదు. ముందు హెపటైటిస్-బి పరీక్ష చేయించారు. నా పాత మాత్రల్లోని టెనోఫోవిర్ ఆ వైరస్‌ని కూడా అణచి ఉంచుతుంది, ఈ సూదులకి ఆ గుణం లేదు. వైరస్ ఏ మందులకి లొంగదో చెప్పే పాత రెసిస్టెన్స్ రిపోర్టులన్నీ తిరగేశారు. ఈ జాగ్రత్త తప్పదు. ఒకసారి ఒంట్లోకి ఎక్కించిన మందుని వెనక్కి తీయలేం కదా! ఆ రెండు మందుల్నే కొన్నాళ్లు మాత్రలుగా ఇచ్చి, పడుతున్నాయని తేలాకే సూదికి రమ్మన్నారు.

ఫ్రిజ్‌లోంచి తీసిన రిల్పివిరిన్ సీసా చల్లదనం పోయేదాకా ఆగి, నర్సుగారు దాన్ని గట్టిగా కుదిపారు. లోపల పాలలా తెల్లగా ఉంది. నీళ్లలో సరిగా కరగని మందుని కొన్ని వందల నానోమీటర్ల రేణువులయ్యేదాకా నూరి, ద్రవంలో కలిపి ఉంచుతారట. కండలో చేరాక ఆ రేణువులు అక్కడే నిలిచి, కొద్దికొద్దిగా కరుగుతూ వారాల తరబడి రక్తంలోకి దిగుతాయి. ఇంత చిన్న రేణువు మీద ఎంతమంది ఎంత కష్టపడి ఉంటారో అనిపించింది.

ఒక్కో పిరుదుకి ఒక్కో సూది, 3 మిల్లీలీటర్ల చొప్పున. గుచ్చినప్పటికంటే మందు ఎక్కుతున్నప్పుడే నొప్పి తెలిసింది. ఆ రాత్రి ఏ పక్కకి తిరిగినా సలుపే. తడిమితే చిన్న గడ్డలా చేతికి తగిలింది, తర్వాత అదే తగ్గిపోయింది.

మొదటి రెండు డోసులకీ మధ్య నెల, ఆపైన రెండు నెలలకోసారి. చెప్పిన తేదీకి అటూ ఇటూ ఏడు రోజులు మించకూడదు. మానేసినా మందు కొద్ది మోతాదులో ఏడాదికి పైగా ఒంట్లో మిగిలే ఉంటుంది. వైరస్‌ని అణచడానికి అది చాలదు, మందుకి లొంగకుండా తయారవడానికి మాత్రం దానికి అవకాశమిస్తుంది. కాబట్టి సూదులు ఆపితే ఆలస్యం చేయకుండా మాత్రలకి మారాల్సిందే. నాకు టెన్షన్ పెట్టే విషయం ఇదొక్కటే. తేదీలు ఫోన్‌లోనూ, క్యాలెండర్ మీదా రాసి పెట్టుకున్నాను.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీంతో కలిపి వాడకూడదు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ సూదుల సంగతి నేనే ముందు చెప్తున్నాను.